రొట్టెతో తుడిచిన ప్లేటు

పాండిచ్చేరి చూడ్డానికి పోయినప్పుడు నాయనను ఒక చిన్న ఫ్రెంచి హోటలుకు తీసుకుపోయినాను. బంగారుపాళ్యంలో మా ఇంట్లో సంగటిముద్దతో పులుసు తుడిచినట్టే, ఆడ కూడా రొట్టెముక్కతో ప్లేటంతా తుడుస్తా ఉండాడు. పక్క టేబుల్లో ఉన్న ఫ్రెంచి ముసలామె ఆయన్నే చూస్తా ఉండాది. నాకు తల కొట్టేసినట్టయింది. టేబులు కింద ఆయన కాలు తొక్కినాను.

"సూస్తా ఉండారు నాయనా, ఇడిసిపెట్టు."

"రుచిగా ఉండాది గదమ్మా, ఎట్ల ఇడిసేది?"

అంతలో ఆమె కూడా రొట్టె తుంచి, తన ప్లేటు అద్దంలా తుడిచి, నాయనకు ఎత్తి చూపించింది. నాయన కూడా తనది ఎత్తి చూపించినాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆమె పేరైనా అడగలేదు. ఆ దినం నుంచి మాత్రం, ఎవరి ముందరా నాయన కాలు తొక్కలేదు.