కడ్డీ చివర రబ్బరు

మా మేనత్త ఎవరి మాటా వినే రకం కాదు. ఇరవై రెండేళ్ళుగా క్యాన్సర్ ఆసుపత్రిలో కోబాల్టు యంత్రం నడుపుతోంది. యంత్రం ఒక దేశం ఇచ్చింది, అందులో కిరణాలు వెదజల్లే కోబాల్టు ఇంకో దేశం నుంచి వస్తుంది. అక్కడ అందరూ ఆమెను కోబాల్టమ్మ అంటారు. పైకి ముఖం చిట్లిస్తుంది గానీ ఆ పేరంటే లోలోపల గర్వమే. నేను అదే ఆసుపత్రిలో టైపిస్టుని కాబట్టి ఆమె పోట్లాటలన్నీ దగ్గరుండి చూశాను.

రెండేళ్ళకోసారి ఒక అంతర్జాతీయ సంస్థ పోస్టులో చిటికెన వేలంత గొట్టం పంపుతుంది. అందులో తెల్లటి పొడి ఉంటుంది. రోగి ఉండే చోట దాన్ని ఉంచి, ఇంత మోతాదు అని లెక్కకట్టి కిరణాలు పట్టించి, తిరిగి పంపాలి. నిజంగా ఎంత పడిందో వాళ్ళు కొలిచి చెబుతారు. ఎన్నో దేశాల ఆసుపత్రులకు ఈ పరీక్ష ఉంది. మా దగ్గర ఆ గొట్టానికి కొత్తల్లుడి మర్యాదలు జరుగుతాయి. రోగి యంత్రానికి ఎంత దూరంలో ఉండాలో దానికున్న ఇనుప కడ్డీ మొన ఒంటికి ఆనించి చూస్తారు, గొట్టం వస్తే మాత్రం బీరువాలోంచి కొత్త స్టీలు స్కేలు దిగుతుంది.

ఈసారి అత్త అడ్డం తిరిగింది.

"రోగులకెలా పెడతామో దీనికీ అలాగే పెడతాను. పరీక్ష మనకా, స్కేలుకా?" అంది. అన్నట్టే కడ్డీతోనే పెట్టింది.

నెలన్నరకు ఫలితం వచ్చింది. మోతాదు నూటికి అయిదు పాళ్ళు తక్కువ.

కారణం అత్తే పట్టుకుంది. కడ్డీ మొన చల్లగా గుచ్చుకుంటోందని ఎవరో రోగి ఒళ్ళు ముడుచుకుంటే, నాలుగు నెలల క్రితం తానే మందు డ్రాపర్ రబ్బరు కోసి దానికి తొడిగింది. దాంతో కడ్డీ రెండు సెంటీమీటర్లు పొడుగైంది. అంత మేర రోగులందరూ యంత్రానికి దూరమయ్యారు. పుండుకు చేరాల్సిన కిరణాలు తగ్గాయి.

సూపరింటెండెంటు మా ఇద్దరినీ పిలిచి గది తలుపు వేయించి, నా చేత ఆ సంస్థకు ఉత్తరం టైపు చేయించాడు. గొట్టం సరిగ్గా అమర్చలేదు, ఇంకోటి పంపండి, అని.

"సంతకం పెట్టమ్మా. ఈసారి స్కేలుతో పెడదాం. ఇప్పుడు వస్తున్నవాళ్ళకి ఇంకో రెండు సిట్టింగులు ఇచ్చేస్తే సరిపోతుంది."

"మరి ముగించుకుని వెళ్ళిపోయినవాళ్ళ సంగతేంటి సార్?"

"వాళ్ళని కదిపితే జనం మన మీద పడతారు. రబ్బరు తొడిగింది నువ్వే, గుర్తుంచుకో."

"గుర్తుంది కాబట్టే పెట్టను."

అత్త ఆ కాగితం నిలువునా చింపేసి నా వైపు తిరిగింది. "ఉన్నదున్నట్టు కొట్టరా. కింద నా పేరు పెట్టు." కొట్టాను. సంతకం చేసి తానే వెళ్ళి పోస్టు చేసింది.

ఆ సాయంత్రమే ఆమెను సస్పెండ్ చేశారు. యంత్రం తాళం ఇచ్చేసింది గానీ, రోగుల ఫోన్ నంబర్లున్న పుస్తకం ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్నే మా వంటగదిలో కూర్చుని, ఆ నాలుగు నెలల్లో వైద్యం ముగిసిన పందొమ్మిది మందికీ వరసగా ఫోన్లు మొదలుపెట్టింది. తప్పు నాది, వెంటనే వచ్చి చూపించుకోండి అని చెప్పింది. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. అన్నీ పడింది.

పదకొండో నంబరుకు ఒక దర్జీ పలికాడు. గొంతుకు వైద్యం చేయించుకున్న వాళ్ళావిడ పోయి మూడు వారాలైందట. ఫోన్ పెట్టెయ్యమని నేను సైగ చేశాను. నా చెయ్యి తోసేసి అత్త రబ్బరు సంగతంతా చెప్పింది.

"దానివల్లే పోయిందంటారా?"

"తెలీదు నాయనా. కాదని మాత్రం చెప్పలేను."

అతను ఫోన్ పెట్టేశాడు. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని పన్నెండో నంబరు నొక్కింది.