మైకు పిన్ని చూయింగ్ గమ్

మా పిన్ని బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎవరి సంచి ఎవరికి దొరికిందో పొద్దస్తమానం చెబుతూనే ఉంటుంది. ఇంట్లో మైకు ఉండదు, అంతే తేడా. అందుకే వీధి వీధంతా ఆమెకు మైకు పిన్ని అని పేరు పెట్టింది. బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు చాలాకాలం సరిగ్గా తెలియదు.

అంత మాట్లాడితే నోరు పిడచకట్టుకుపోదూ! అందుకని పిన్ని బుగ్గన ఎప్పుడూ ఒక పిప్పరమెంటు బిళ్ళ ఉండేది. ఒకరోజు "బయలుదేరుటకు సిద్ధముగా" దాకా వచ్చి, "అబ్బా!" అని అరిచింది. ఏం కొంప మునిగిందోనని డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.

పళ్ళ డాక్టరమ్మ పిన్ని నోట్లో చిన్న అద్దం పెట్టి చూసింది.

"రెండు పళ్ళు పుచ్చాయండీ. రోజంతా ఏం చప్పరిస్తారు?"

"గొంతు ఆరిపోకుండా బిళ్ళలు..."

"ఆ చక్కెర తిని నోట్లోని క్రిములు ఆమ్లం తయారుచేస్తాయి. పంటిని కరిగించేది అదే. ఆ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసి, పంటికి మళ్ళీ బలమిచ్చేది లాలాజలం. మీకేమో నోరు ఎండిపోతోంది."

"అంటే ఉమ్మేగా? దానికింత పనుందా!"

డాక్టరమ్మ పళ్ళు పూడ్చి, బిళ్ళలు మానిపించింది. తిన్నాక చక్కెర లేని చూయింగ్ గమ్ ఓ ఇరవై నిమిషాలు నమలమంది. "నమిలేకొద్దీ లాలాజలం ఊరుతుంది. అలాగని బ్రష్ మానేయకండి."

మర్నాడు పిన్ని భోంచేసి, మైకు ఆపకుండానే నమలడం మొదలుపెట్టింది. చప్పుడు బస్టాండంతా మారుమోగింది. "ఎక్కడో గేదె నెమరేస్తోందర్రా!" అన్నాడో కండక్టరు. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో తిన్నాక గమ్ నోట్లో వేసుకుని, కండక్టరు మీద ఏదో చెప్పబోయింది.

"డాక్టరమ్మ నమలమంది, మాట్లాడమనలేదు," అన్నాడు బాబాయి.

పిన్ని తెల్లబోయింది. ఆ సందులో బాబాయి అందుకున్నాడు. ఎవరో తెచ్చిన గోడగడియారంలో బల్లి గుడ్లు పెట్టిందట. అవి పిల్లలయ్యేదాకా రిపేరు చేయనన్నాడట. గడియారం ఆసామి గింజుకున్న తీరు ఆయన అభినయించి చూపిస్తుంటే పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇన్నాళ్ళూ ఇవన్నీ నాకెందుకు చెప్పలేదండీ?"

"సందిస్తేగా!"

తర్వాతిసారి బాబాయిని వెంటబెట్టుకుని చూపించుకోవడానికి వెళ్తే కొత్తగా ఏ పన్నూ పుచ్చలేదు.

"గమ్ ఎంతసేపు నములుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"ఈయన కబుర్లు అయ్యేదాకా."

"అమ్మో, అంతసేపు వద్దు. దవడలు నొప్పెడతాయి."

"కథ మధ్యలో ఎలా ఊసేస్తానండీ!" అంది పిన్ని.