కొత్త ల్యాప్‌టాప్‌కు బ్రహ్మ ముహూర్తం

ఈ సాయంత్రం తిరుపతిలో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని ఇంటికి వచ్చాను. ఆదివారం, రాహుకాలం. నాయన పెరట్లో ఉన్నాడు కదా అని చప్పుడు చేయకుండా తెరిచాను. తెర మీద బొమ్మ మార్చాను, అక్షరాలు పెద్దవి చేశాను. గడియారం సరిచేయబోతుంటే వెనకాల నాయన గొంతు వినబడింది.

"రాహుకాలంలో తెరవద్దని చెప్తి గదరా."

నేను బదులు చెప్పేలోపే తెర మూలకు వంగి చూశాడు.

"ఈడ తెల్లారుజామున నాలుగున్నర అని ఉండాదే?"

"అది అమెరికా టైము నాయనా. మార్చాల."

"మార్చొద్దు. బ్రహ్మ ముహూర్తంలో తెరిచినావు, అట్నే ఉండనీ."

అని కుంకుమబొట్టు కూడా పెట్టేశాడు.

మిగతావన్నీ నా ఇష్టానికి మారాయి. టైము కావాలంటే మాత్రం పన్నెండున్నర గంటలు కలుపుకోవాలి. మీ ఇళ్లలో శాస్త్రానికి ఏ దేశం టైము వాడుతున్నారో కాస్త చెప్పండి.