మామ చేసిన జారుడు బండి

మా మామ పోయిన కబురు నాకు అశోక్ చౌక్‌లో అందింది. పొద్దున బడిపిల్లలను దింపి, ఖాళీ వ్యాను తోలుకుని ఇంటికి వస్తున్నాను. మా పక్కింటాయన సైకిలు అడ్డం పెట్టి నన్ను ఆపాడు. “వదినా, జల్దీ ఇంటికి పో. మామ చాయ్ తాగుకుంట తాగుకుంటనే ఒరిగిపోయిండు” అన్నాడు. ఇంటిదాకా వ్యాను నేనే తోలుకుని వెళ్లాను. ఇంటి ముందు బండి ఆపి, తాళంచెవి తీసి కొంగున ముడేసుకుని లోపలికి నడిచాను.

మామ అంటే మా ఆయన తండ్రి. బతుకుతెరువుకు మా తెలుగు నేతవాళ్లు వచ్చి స్థిరపడ్డ ఈ మరాఠీ ఊళ్లో, దాజీ పేట్ మరమగ్గాల షెడ్లలో జాబర్‌గా పనిచేశాడు. మగ్గం మొరాయిస్తే దాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ ఆడించే పని అది. పదో రోజుకు వచ్చిన చుట్టాలంతా ఆ పనితనాన్నే తలుచుకున్నారు. చద్దర్ల మగ్గాన్ని చప్పుడు విని బాగుచేసేవాడని, ఒకరితో మాట పడలేదని చెప్పుకున్నారు. కారు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. చావింట్లో నవ్వు వస్తుందని కాబోలు. నాకేమో మామ అనగానే ముందు ఆ కారే కళ్లలో ఆడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయనకు ఆ పిచ్చి ఎక్కడ అంటుకుందో అత్తమ్మ చెప్పేది. నేను కోడలిగా రాకముందు, ఒక పెళ్లికని వీళ్లంతా పద్మిని కారు టాక్సీలో సిరిసిల్ల వైపు బయల్దేరారట. వానకు చేలల్లోని మట్టి రోడ్డు మీదికి కొట్టుకొచ్చింది. ఒక మలుపులో బండి వెనక భాగం సర్రున జారి, బండి రోడ్డుకు అడ్డం తిరిగింది. డ్రైవరు బ్రేకు జోలికి పోలేదు. తోక ఎటు పోతోందో స్టీరింగూ అటే తిప్పాడు. బండి అలా అడ్డంగానే మలుపంతా తిరిగి, చివరికి తిన్నగా నిలబడింది. అత్తమ్మ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంది. వెనకున్న పెద్దాయన వాంతి చేసుకున్నాడు. మామ మాత్రం డ్రైవరు భుజం తట్టి, “అరె భయ్యా, మల్లొకపారి చెయ్యరాదు!” అన్నాడట.

“బండి కాదు, ఈ మనిషి మెదడే జారిందని నాకు గప్పుడే సమజైంది” అనేది అత్తమ్మ.

చాలా ఏళ్ల తర్వాత ఆ డ్రైవరే టాక్సీ పని మానుకుని, ఆ పద్మినిని తుక్కుకు వేయబోతుంటే మామ వెళ్లి తెచ్చుకున్నాడు. అప్పటికి ఎనభైలు అయిపోయి తొంభైలు వచ్చాయి. నలుగురు మనుషులు తోస్తుంటే, మామ స్టీరింగు పట్టుకుని, పెళ్లికొడుకులా మా గల్లీలోకి వచ్చాడు. బండి లూమ్ షెడ్డు పక్కన, అత్తమ్మ బట్టలారేసే తీగ కింద ఆగింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో బట్టలకు గ్రీజు వాసన.

రోడ్ల మీద అప్పటికే కొత్తరకం చిన్న కార్లు వచ్చాయి. మామ కంటికి అవి ఆనేవి కావు. “గవి ముంగటి చక్రాలతోని గుంజుకపోతయి. మన పద్మిని వెనక చక్రాలతోని తోస్తది. తోసేటిదానికే తోక ఆడుతది” అనేవాడు. బండిని కావాలనే అలా అడ్డంగా జార్చే ఆటకు ఇప్పుడు వేరే దేశాల్లో పెద్ద పేరేదో ఉందట. మా ఇంట్లో దాని పేరు జారుడు. గల్లీ పిల్లలు మరాఠీలో జారుడుబల్లను ఘసర్‌గుండీ అంటారు కదా, కారుకు ఆ పేరే పెట్టేశారు.

ముందుగా బరువు తగ్గించాలని వెనక సీటు పీకేశాడు. దాన్ని అత్తమ్మ వసారాలో వేసుకుంది. బీడీలు చుట్టడానికి వచ్చే ఆడవాళ్లు దానిమీద కూర్చోవడానికి వంతులు పడేవారు. వెనక ఇరుసు మీది కమాను పట్టీలకు ఇంకొక పట్టీ చేర్చి వెనక భాగాన్ని బిర్రుగా చేశాడు. ముందు చక్రాలు మామూలు కంటే ఎక్కువ తిరగాలని స్టీరింగు కడ్డీలను కోసి మళ్లీ అతికాడు. అప్పుడు టైర్లు బాడీకి రాసుకున్నాయి. సుత్తె తీసుకుని మడ్‌గార్డులను లోపలి నుంచి బాది చోటు చేశాడు. డాష్‌బోర్డు కింద గొడుగు పిడిలా ఉండే హ్యాండ్‌బ్రేకు తీసేసి, దాని బదులు నేల మీద ఒక పొడవాటి ఇనుప కడ్డీ నిలబెట్టాడు. చేతికి ఒరుసుకోకుండా దానికి నూలు చుట్టాడు.

అసలు పని వెనక ఇరుసు మధ్యలో ఉండే పళ్లచక్రాల దగ్గర. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం మెల్లగా, బయటి చక్రం వేగంగా తిరిగేలా చూసేవి అవే. మామ వాటిని వెల్డింగు చేసి ఒకే ముద్ద చేశాడు. “మలుపుల ఒక ఎద్దు ఆగి ఒక ఎద్దు నడుస్తది. నాకు గట్లొద్దు. రెండెడ్లు ఒక్కతీరు దుంకాలె” అన్నాడు. దాంతో బండి మామూలు మలుపుల్లో కూడా టైర్లు ఈడ్చుకుంటూ కీచుమనేది. అది మా గల్లీ మలుపు తిరిగిందంటే వసారాల్లోని ముసలివాళ్లంతా పళ్లు జివ్వుమని దవడలు పట్టుకునేవారు.

పని చేసేటప్పుడు మామ మాట్లాడేవాడు కాదు. నట్లు పెదాల మధ్య పట్టుకునేవాడు. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని, చల్లారేదాకా మరిచిపోయి, తర్వాత అత్తమ్మ మీద అరిచేవాడు. అంతా బాగానే ఉంది కానీ, పూర్వం మగ్గానికి నూలు చుట్టే బరువైన బీమ్ మీదపడి ఆయన ఎడమ మోకాలు దెబ్బతిన్నది. క్లచ్ గట్టిగా, టక్కున తొక్కలేడు. జారుడుకు అదే ముఖ్యం. మా ఆయనకేమో కారు ఎక్కితేనే కడుపులో తిప్పుతుంది.

ఆ ఏడాదే నాకు రెండోసారి కడుపు పోయింది. ఈసారి ఏడో నెల దాటాక. వచ్చినవాళ్లంతా దేవుడి సంగతి చెప్పి వెళ్లారు. నేను తునికాకు తడిపి, కత్తెరా చాటా ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. సాయంత్రానికి ఆకు ఎండిపోయేది, ఒక్క బీడీ అయ్యేది కాదు. అత్తమ్మ చాట తీసి పక్కన పెట్టేది. ఇల్లంతా నా చుట్టూ మునివేళ్ల మీద నడిచేది.

ఒక మధ్యాహ్నం కారు కింది నుంచి మామ గొంతు వినిపించింది. “బిడ్డా, ఇటు రా. గా బ్రేకు జర తొక్కి పట్టు.”

నేను అటూ ఇటూ చూశాను. అప్పటిదాకా మా మధ్య మాటలు “అన్నం పెట్టనా మామా”, “పెట్టు బిడ్డా” వరకే. కొంగు నెత్తి మీది నుంచి జారనిచ్చేదాన్ని కాదు. “నేనా మామా?” అన్నాను.

“ఇంకెవరున్నరు? నీ కాలు మంచిగున్నది గద.”

బ్రేకు గొట్టాల్లోని గాలి తీయాలంటే ఒకరు పైన తొక్కాలి, ఒకరు కింద నట్టు వదులు చేయాలి. ఆ మధ్యాహ్నమంతా కింది నుంచి “తొక్కు”, “ఇడువు” అనే రెండు మాటలే. కొంగు ఎప్పుడు జారిందో నేనూ చూసుకోలేదు, ఆయనా చూడలేదు. మర్నాడు క్లచ్ తొక్కమన్నాడు. ఆ వారంలోనే ఊరి బయట ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు.

అత్తమ్మ ఇల్లు పీకి పందిరి వేసింది. “ఇంటి కోడల్ని డ్రైవర్ను చేస్తవా? నలుగురు ఏమంటరు?”

“నలుగురికి జాగ లేదు. వెనక సీటు పీకేసిన” అన్నాడు మామ.

నేర్చుకోవడం అంత తేలిగ్గా సాగలేదు. వేగంగా వెళ్లి, స్టీరింగు తిప్పి, క్లచ్ కొట్టి, హ్యాండ్‌బ్రేకు లాగాలి. తోక జారగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. బండి గిర్రున తిరిగి ఆగిపోయేది. మామ కోప్పడేవాడు కాదు. “జారుడు మొదలైనంక బ్రేకును యాది చేసుకోవద్దు బిడ్డా. ఎటు జారుతున్నమో అటే తిప్పాలె. జారుడు కూడ నడకనే” అనేవాడు.

ఒకసారి అలా బండి ఆగిపోయాక నాకు ఏడుపు వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఏడవడం అదే మొదటిసారి. స్టీరింగు మీద తలపెట్టి, పశువులా ఏడ్చాను. మామ మెల్లగా దిగాడు. నాలుగు చక్రాల దగ్గరా కూర్చుని టైర్లు నొక్కి చూశాడు. బానెట్ ఎత్తి నీళ్లు చూశాడు. ఏమీ పాడవలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నా ఏడుపు ఆగాక వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అయిందా?”

“అయింది మామా.”

“గేరెయ్.”

ఇంటికి వచ్చాక ఆ సాయంత్రం నేను బీడీలు చుట్టాను.

కొన్నాళ్లకు గ్యారేజీలవాళ్లంతా కలిసి ఊరి బయట ఒక ఆట పెట్టారు. తారు డ్రమ్ములు వరసగా నిలబెట్టి, వాటి మధ్య నుంచి కార్లు తిప్పాలి. మామ బండి పేరు ఇచ్చి, తోలేది కోడలు అని చెప్పాడట. వాళ్లు ముందు నవ్వి, తర్వాత ఆయన నవ్వడం లేదని గమనించి ఒప్పుకున్నారు. అత్తమ్మ ఆ పొద్దున మాకు ఎదురుపడకుండా తిరిగింది. నేను బయల్దేరుతుంటే మాత్రం వచ్చి, నా చీర కుచ్చిళ్లు ఎత్తి కాళ్ల మధ్యగా తీసి, మరాఠీ ఆడవాళ్లలా వెనక్కి బిగించింది. “గీ కుచ్చిళ్లు కాళ్లల్ల పడితె ఎట్ల?” అంది, అంతే.

మొదటి చుట్టులోనే నేను హ్యాండ్‌బ్రేకు తొందరపడి లాగాను. బండి రెండు చుట్లు తిరిగి డ్రమ్మును పడగొట్టి ఆగింది. ఇంజను చచ్చిపోయింది. దుమ్ములో ఏమీ కనబడలేదు కానీ ఈలలు వినబడ్డాయి. తలుపు తీసుకుని ఎటైనా పారిపోదామనుకున్నాను. ఇంతలో మామ కుంటుకుంటూ మైదానం మధ్యకు వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. ధైర్యం చెబుతాడనుకున్నాను.

“స్టార్ట్ చెయ్. పెట్రోలు ఇంక ఉన్నది” అన్నాడు.

స్టార్ట్ చేశాను. ఈసారి చూపు డ్రమ్ము మీద పెట్టలేదు. డ్రమ్ము పక్కనున్న ఖాళీ మీద పెట్టాను. తోక జారింది. తోక పోయిన వైపే స్టీరింగు తిప్పాను. బండి అడ్డంగా, దుమ్ము లేపుకుంటూ, ఒక డ్రమ్ము చుట్టూ తిరిగి, అటు నుంచి ఇటు ఊగి, రెండో డ్రమ్ము చుట్టూ తిరిగింది. ఈలలు ఆగిపోయాయి. మూడో డ్రమ్ము దగ్గర వెనక ఫట్‌మని చప్పుడైంది. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. రెండెడ్లూ ఒక్కసారి దూకితే ఇరుసు కడ్డీ తట్టుకోలేదు, విరిగిపోయింది.

బండిని పక్కకు తోస్తుంటే గుంపులోంచి ఒకడు మరాఠీలో, ఆడదాని చేతికి బండి ఇస్తే ఇంతే అన్నాడు. వెంటనే ఒక ఆడగొంతు లేచింది. “ఏయ్, తూ గప్ బస్! నోరు మూస్కో! నీ పెండ్లాం స్కూటర్ ఎక్కనీకె భయపడ్తది, నువ్వు మాట్లాడ్తవా?” అత్తమ్మ! ఎప్పుడు వచ్చిందో, నెత్తిన కొంగు కప్పుకుని గుంపు మధ్యలో నిలబడి ఉంది. ఇంటి దగ్గర తాళం వేసి సిటీ బస్సెక్కి వచ్చిందట.

నూలు మూటలు మోసే టెంపోకు తాడు కట్టి పద్మినిని ఇంటికి లాక్కొచ్చాం. మాకు బహుమతేమీ రాలేదు. సీటు లేని వెనక భాగంలో అత్తమ్మ నేల మీదే కూర్చుని, జోడ్‌భావి పేట్ దాటేదాకా మామను తిట్టింది. ఆ తర్వాత మెల్లగా, “రెండోపారి మంచిగ తిప్పిందిలే” అంది. మామ ముందుకు చూస్తూనే తల ఊపాడు.

ఆ తర్వాత కూడా మాకు పిల్లలు పుట్టలేదు. అది మామ బాగుచేయగల పని కాదు, చేస్తానని ఆయన ఎన్నడూ అనలేదు. కానీ బడి వ్యానుకు డ్రైవరు కావాలని తెలిసినప్పుడు నాకంటే ముందు వెళ్లి అడిగినవాడు ఆయనే. “మంచిగ నడుపుతదా?” అని అడిగారట. “అడ్డం కూడ నడుపుతది. పిల్లలుంటరు గావట్టి తిన్నగ నడుపుమంట” అన్నాడట. ఈ మాట బడి గుమస్తా మొన్న పరామర్శకు వచ్చి చెప్పాడు. మామ నాకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ తర్వాత పద్మిని కూడా మా దగ్గర చాలా కాలం ఉండలేదు. అడుగు రేకు తుప్పు పట్టి, చివరికి తుక్కుకే పోయింది. మామ ఆ పొద్దున షెడ్డులోనే ఉండిపోయాడు, బండి గల్లీ దాటిపోయేదాకా బయటికి రాలేదు.

బండి తుక్కుకు పోవడానికి చాలా ముందు, ఆటలో విరిగిన ఇరుసు బదులు కొత్తది వేశాక, తొలివానలు పడ్డ ఒక పొద్దున మేమిద్దరం మళ్లీ ఆ మైదానానికి వెళ్లాం. నేల మెత్తగా, నున్నగా ఉంది. డ్రమ్ములు లేవు, రాళ్లు లేవు, మనుషులు లేరు. “దేని చుట్టు తిప్పాలె మామా?” అని అడిగాను. ఆయన దిగి, తువ్వాలు నెత్తికి చుట్టుకుని, కుంటుకుంటూ మైదానం నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాడు. “నన్ను చూడు. నన్ను చూసుకుంటనే తిప్పు” అని కేకేశాడు.

గురి తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. అయినా క్లచ్ కొట్టాను. బండి తోక వదిలింది. పక్క కిటికీలో మామ కనిపించాడు. బండి ఆయన చుట్టూ విశాలంగా, అడ్డంగా, ఒక చుట్టు పూర్తిగా తిరిగింది, ఆగకుండా ఇంకో చుట్టులోకి పోయింది. సన్నటి వాన పడుతోంది. మామ ఉన్నచోటనే, మంచి కాలి మీద బరువు మోపి, నాతోపాటు మెల్లగా తిరుగుతున్నాడు, ముఖం నా వైపు నుంచి తిప్పకుండా.