లైన్‌మన్ ఇంటికి కరెంటు ఎప్పుడొస్తుంది

తుఫాను వస్తోందంటే ఊళ్ళో మగవాళ్ళంతా ఇళ్ళకు చేరతారు. మా ఆయన అప్పుడే ఇంట్లోంచి బయల్దేరతారు. ఆయన కరెంటు లైన్‌మన్. రెయిన్‌కోటు, టార్చిలైటు, రబ్బరు తొడుగులు సంచిలో కుక్కుకుని, "జాగ్రత్త" అని ఒక్క మాట అనేసి బండెక్కుతారు. ఆ జాగ్రత్తంతా పడాల్సింది నేను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస.

బాపట్లలో మాది చిన్న డాబా, వెనకాల వంటింటికి రేకుల కప్పు. దసరా వెళ్ళిందంటే చాలు, నాకు నడుం నొప్పి మొదలవుతుంది. డాబా మీద తూముల్లో పేరుకున్న ఆకులు తీయాలి. కొబ్బరి చెట్టుకు ఎండు మట్టలు, కాయలు దింపించాలి. ఆ వారంలో కలెక్టరైనా దొరుకుతాడు గానీ దింపే మనిషి దొరకడు. వంటింటి రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టించాలి, బియ్యం బస్తా బల్ల మీదికి ఎక్కించాలి. కరెంటు తీగలకు తగిలే మునగ కొమ్మలు కొట్టించాలి. లైన్‌మన్ ఇంటి చెట్టే తీగల మీద పడితే నలుగురూ నవ్వుతారని ఆ కొమ్మల గురించి ఆయనకు మహా పట్టింపు. కొట్టించడం మాత్రం నా పనే.

ఇక హెచ్చరిక వచ్చిన రోజు సంగతి చెప్పక్కర్లేదు. మోటారు ఆగిపోతుందని డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి ప్రెషర్ కుక్కరు కూడా నీళ్ళతో నింపుతాను. మా వీధి ఆడవాళ్ళందరం ఒకేసారి గ్రైండర్లు వేసి వారానికి సరిపడా పిండి రుబ్బేస్తాం. తీరా కరెంటు పోయాక ఫ్రిజ్జు ఉత్త బీరువా. పిండి పులిసి, పొంగి, గిన్నె దాటి గట్టు మీదికి వస్తుంది. ఇక పూటపూటా పుల్లట్లే. ఏటా ఇంతే జరుగుతుందని తెలుసు, ఏటా అంతే రుబ్బుతాం.

ఆయన రేపల్లెలో పనిచేసినన్నాళ్ళూ మా ఇంటికి కరెంటు అందరితోపాటే వచ్చేది. బాపట్లకు బదిలీ అయిందంటే సంబరపడ్డాను. ఆ ఏడు తుఫానుకే ఆయన నియమం ఏంటో తెలిసింది. ముందు ఆస్పత్రి, తర్వాత మంచినీళ్ళ ట్యాంకు, ఆ తర్వాత వరసగా వీధులు. ఆయన చేతిలో ఉన్న వీధులన్నిటిలో మాది ఆఖరు. "నా ఇంట్లో ముందు లైటు వెలిగితే రేపు ఒక్కడన్నా నా మాట వింటాడా?" అంటారు. పిల్లలు చిన్నప్పుడు జ్వరాలతో, దోమలతో వేగలేక ఒక్కసారికి మన వీధి ముందు చూడమని బతిమాలాను. ఆయన అన్నం తిని, బండెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా అడుగుతూనే వచ్చాను, ఏ ఏడూ నా మాట చెల్లలేదు. వీధిలో వాళ్ళేమో నన్ను పట్టుకుని, "అక్కా, మీ ఆయన లైన్‌మన్ అయ్యుండి మనకేంటక్కా ఈ ఖర్మ?" అంటారు.

మా అత్తయ్యకు మాత్రం ఆ నియమం మెళ్ళో వేసుకున్న నగ. పాలవాడి దగ్గర, కూరలబండి దగ్గర, "మావాడు సొంతింటికి ఆఖర్నే ఇస్తాడు" అని చెప్పుకోనిదే ఆవిడకు తోచదు. నాకు ఒళ్ళు మండేది.

కిందటేడు ఆవిడకు ఆయాసం ముదిరింది. చెమ్మగాలి తగిలితే రోజుకు రెండు మూడు సార్లు నెబ్యులైజర్ పెట్టాలి. అది మందును ఆవిరి చేసి పీల్పించే మిషను, కరెంటు లేనిదే నడవదు. తుఫాను కబురు వినగానే, తెనాలిలో మా చెల్లెలింట్లో నాలుగు రోజులు ఉండి రమ్మన్నాను.

"కోడలి చెల్లెలింట్లో పడి ఉంటానా? ఇన్వర్టరు ఉందిగా" అన్నారు.

ఇన్వర్టరు ఉంది. బ్యాటరీలో నీళ్ళు పోయించాను, ఫ్యాన్లు వేయకుండా దాన్ని మిషను కోసమే దాచాను. తుఫాను తీరం దాటింది. వీధి రెండు కొసల్లోనూ చెట్లు పడి ఆటో వచ్చే దారి లేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఇన్వర్టరు కుయ్యిమని ఆగిపోయింది. ఫోనుకు సిగ్నలు లేదు. ఇన్‌హేలరుతో రెండుసార్లు మందు పీల్చారు గానీ అది ఏమూలకూ చాల్లేదు. మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ పరుపుకు ఆనించి, ఒక్కో ఊపిరి ఎక్కడినుంచో లాగుతున్నారు. పెదవులు నల్లబడుతున్నాయి. నాకు భయం వేసింది. ఆస్పత్రికి మంచంతో సహా మోసుకుపోవడమే దారి అనుకుని పక్కింటి వాళ్ళను కేకేశాను.

అప్పుడే మా ఆయనతో పనిచేసే కుర్ర లైన్‌మన్ ఒకతను పడిన చెట్టు కొమ్మల్లోంచి నడిచొస్తూ కనిపించాడు. అత్తయ్య మంచం పక్క కిటికీలోంచి చెయ్యి ఊపి పిలిచారు. ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది.

"బాబూ... మావాడితో చెప్పు. మన వీధి... ముందు... ఇమ్మన్నానని చెప్పు."

"అట్టాగే పెద్దమ్మా, ఇప్పుడే చెప్తానండి" అని అతను గబగబా వెళ్ళాడు. ఆవిడ నా వైపు చూడలేదు. ముఖం గోడకు తిప్పుకున్నారు.

పక్కింటి వాళ్ళు మంచం ఎలా దాటించాలా అని గుమ్మం దగ్గర కొలతలు చూస్తుండగా వీధంతా కేక వేసింది. మా హాల్లో లైటు వెలిగింది. నేను పరుగెత్తి మిషను ఆన్ చేసి ఆవిడ ముక్కుకు మాస్కు పెట్టాను. పొగలాంటి మందు లోపలికి వెళ్తోంది. కాసేపటికి భుజాలు ఎగరడం తగ్గింది. మాస్కులోంచే, "ఇచ్చాడే" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. అది సిగ్గో సంతోషమో నాకు తెలియలేదు, ఆవిడకూ తెలిసి ఉండదు.

సాయంత్రం ఆయన బురద కాళ్ళతో వచ్చి అరుగు మీద కూలబడ్డారు. గ్లాసుతో నీళ్ళిచ్చి, కబురు అందగానే కరెంటు ఇచ్చి మంచిపని చేశారన్నాను.

"ఏం కబురు?" అన్నారు.

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "వాడు అటునుంచటే కర్లపాలెం పోయినట్టున్నాడు, నాకు కనపళ్ళేదు. మాకు స్తంభాల లారీ రాలేదు. చెరువుల వైపు పని ఆగిపోయింది, ఖాళీగా కూర్చోవడం ఎందుకని మన వీధి లైను చూశాం. అంతే."

లారీ వచ్చి ఉంటే? ఆయన నీళ్ళు తాగకుండానే గ్లాసు అరుగు మీద పెట్టేశారు.

లోపల్నుంచి అత్తయ్య పిలిచారు. ఆయన వెళ్ళి మంచం పక్కన కింద కూర్చున్నారు.

"నేను అడిగాననే ఇచ్చావా?" అన్నారు ఆవిడ.

ఆయన నా వైపు చూశారు. జీతంలో తప్పు పడి నాలుగు రూపాయలు ఎక్కువొస్తే ఆఫీసుకు వెళ్ళి తిరిగిచ్చి వచ్చే మనిషి. "ఊఁ" అన్నారు.

"తప్పు కదురా. రేపు జనానికి ఏం చెప్తావ్? నేనంటే ముసలిదాన్ని, బుద్ధి లేక అడిగాను, నీ బుద్ధి ఏమైంది?" అంటూ ఆయాసం ఇంకా పూర్తిగా తగ్గని గొంతుతో తిట్టడం మొదలుపెట్టారు. తిడుతూనే ఆయన తలలో ఇరుక్కున్న చెత్తాచెదారం ఒక్కొక్కటే ఏరుతున్నారు. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆయన కళ్ళు మూసుకుని, చేయని తప్పుకు తిట్లన్నీ తిన్నారు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ ఊపిరి దక్కింది, అదే పదివేలు. కానీ ఇన్నేళ్ళు నేనూ అడిగాను. నాకోసం ఆయన ఆ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.