చీపుర్ల గది

పెలెనతేతే పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో ప్లాన్లు గీసే మనిషి. ఆ దీవిలోని ఆపియా ఊళ్ళో నాలుగు గోడలున్న సర్కారు కట్టడం ఏది కనబడినా, అందులో కనీసం మరుగుదొడ్డయినా ఆమె గీసిందే అయ్యుంటుంది. తను కాపురముండేది మాత్రం గోడల్లేని ఇంట్లో. చుట్టూ స్తంభాలు, పైన రేకులు, వానొస్తే దించుకునే కొబ్బరాకు తడికలు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరు ఎవర్ని తిడుతున్నారో వీధి వీధంతా వింటుంది. మర్నాడు ఎవరూ విన్నట్టు కనబడరు.

ఊరి నడిబొడ్డున కట్టబోయే కొత్త పోలీసు స్టేషన్ ప్లాను తన బల్ల మీదికి వచ్చినప్పుడు, ఆమె అందులో కోరుకున్నది ఒక్కటే. ఒక ఆడమనిషి వెళ్ళి, తలుపేసుకుని, చెప్పుకోవాల్సింది చెప్పుకోగల చిన్న గది.

పెళ్ళయిన కొత్తలో ఆమె వాచిన కంటితో పాత స్టేషన్‌కి వెళ్ళింది. పాత స్టేషన్ అంటే ఓ పొడుగాటి వరండా. చాప మీద కానిస్టేబులు, అతని చుట్టూ పనున్నవాళ్ళూ లేనివాళ్ళూ, మధ్యలో కోకో కెటిలు. వాళ్ళలో మొగుడి మేనమామ కూడా ఉన్నాడు. ఏం జరిగిందమ్మా అని కానిస్టేబులు అడిగేసరికి అందరూ కోకో తాగడం ఆపి ఆమెకేసి చూశారు. పంది తప్పిపోయిందని చెప్పింది. పోలీసులు మంచివాళ్ళు. సాయంత్రానికల్లా ఎవరిదో ఒక పందిని పట్టుకొచ్చి ఆమె ఇంటి ముందు కట్టేసి వెళ్ళారు. మొగుడు వాళ్ళని కూర్చోబెట్టి భోజనం పెట్టి మరీ పంపాడు. అతను పోయి చాలా కాలమైంది. చర్చిలో ఇప్పటికీ అతన్ని మెచ్చుకుంటారు.

కొడుకు సామసోని బస్సు నడుపుతాడు. పెళ్ళయ్యాక అతనిలో తండ్రి పోలికలు బయటపడ్డాయి. గోడల్లేని ఇల్లు కాబట్టి పెలెనతేతే అన్నీ విన్నది. ఒకప్పుడు తన అత్త చేసినట్టే అటు తిరిగి పడుకుంది. సిగ్గుపడింది. సిగ్గుపడి, మళ్ళీ అటే తిరిగి పడుకుంది. పగలు ఆఫీసులో మాత్రం ఆ గది గోడ ఇంకాస్త మందంగా గీసేది.

ప్లాను చూడ్డానికి ఊరి పెద్దలు పాత స్టేషన్ వరండాకి వచ్చి చాపల మీద కూర్చున్నారు. అందరిలోకీ పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఫిర్యాదుకో గది అంట. తలుపేసుకుని చెప్పాల్సిన ఫిర్యాదేంటమ్మా? చెప్పేది నిజమైతే నలుగుర్లో చెప్పొచ్చుగా?"

పోలీసు సూపరింటెండెంట్ అసియాటా కూడా అవునని తలూపాడు. గది కొట్టేయమన్నారు. పెలెనతేతే అలాగేనంది. ఆఫీసుకెళ్ళి గదిని కదపకుండా దాని పేరొక్కటి మార్చింది. వారం తిరిగాక సూపరింటెండెంట్ మళ్ళీ చూశాడు.

"ఇదేంటి పెలే?"

"చీపుర్ల గది, సార్."

"చీపుర్లకి వీధిలోకి వేరే తలుపెందుకు?"

"చెత్త మీ గుమ్మంలోంచి పోతే బాగుండదు కద సార్."

"గోడ ఇంత లావేంటి?"

"చెమ్మ, సార్."

చీపుర్ల సంగతి ఇంతకన్నా అడగడం తన హోదాకి తగదనుకున్నాడో ఏమో, సంతకం పెట్టేశాడు.

స్టేషన్ కట్టారు. ప్రార్థన చేసి, పాటలు పాడి, బోలెడన్ని పందుల్ని కాల్చి తెరిచారు. చీపుర్ల గదిలో చీపుర్లు పెట్టి తాళం వేశారు. కాగితం మీద అలాగే ఉంది మరి. పెలెనతేతే వెళ్ళి ఫూవా అనే ఆడ కానిస్టేబులుని పక్కకి పిలిచింది.

"చీపుర్లు మెట్ల కింద పడుంటాయిలే. ఇక్కడ రెండు కుర్చీలు వెయ్యమ్మా."

ఫూవా తాళం తీసి కుర్చీలు తెచ్చి వేసింది. ఆ తర్వాత మార్కెట్ నుంచి బుట్టతో వచ్చే ఆడవాళ్ళు ఒకరూ అరా ఆ పక్క తలుపు తట్టడం మొదలుపెట్టారు. పెలెనతేతే సంతోషించింది. ఇంట్లో మాత్రం ఇంకా అటే తిరిగి పడుకునేది.

ఒక పొద్దున కోడలు మెలెసేటే పెదవి చిట్లి, కోకో తాగలేక కప్పు కింద పెట్టేసింది. పెలెనతేతే ఆ కప్పుకేసి చాలాసేపు చూసింది.

"బుట్ట తియ్యి. మార్కెట్‌కి పోదాం."

"చేమదుంపలు మంచివి చూసి తెండి," అన్నాడు సామసోని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

స్టేషన్‌లోని చీపుర్ల గదిలో మెలెసేటే కుర్చీ అంచున కూర్చుంది. ఫూవా ఏమడిగినా నోరు విప్పలేదు. ఊరికే అత్తకేసి చూస్తోంది.

"పెద్దమ్మా, మీరు కాస్త బయటుండండి," అంది ఫూవా.

"తీసుకొచ్చింది నేనే కదే."

"తెలుసు. కానీ మీరు అతని తల్లి."

"ఈ గది గీసింది నేనమ్మాయ్."

"అవును పెద్దమ్మా. బయటుండండి."

తలుపు పడింది. పెలెనతేతే వీధి మెట్టు మీద కూలబడింది. కాసేపాగి గోడకి చెవి ఆనించింది. ఇన్నేళ్ళూ వినీ విననట్టు ఊరుకున్నవన్నీ ఇప్పుడు వినాలనిపించింది. కొడుకుని జైల్లో వేస్తారేమోనని భయమేసింది. తను అటు తిరిగి పడుకున్న సంగతి కూడా ఆ పిల్ల చెబుతుందేమోనని ఇంకా ఎక్కువ భయమేసింది. ఒక్క మాటా బయటికి రావడం లేదు.

సూపరింటెండెంట్ అసియాటా సిగరెట్టు కోసం అటుగా వచ్చాడు. వెనకాలే ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళు.

"ఏంటి పెలే, చీపుర్ల గది ముందు కూర్చున్నావు?"

ఆమె గోడకి ఆనించిన చెవి తీసి, అందరికీ వినబడేలా చెప్పింది.

"లోపల మా కోడలుంది, సార్. మావాడు కొట్టిన సంగతి చెబుతోంది. ఆమె చెప్పడం అయ్యాక నన్ను పిలవమనండి. రోజూ విని ఊరుకున్నదాన్ని నేను. ఆ సంగతి నేనే చెప్పుకోవాలి."