మా పెద్ద యారాలి మందు సీసాలు

శ్రావణమాసం నడిమిట్ల మా పెద్ద యారాలు పోయింది. నేను చీరలకు రాళ్లు అతికే పని ముందేసుకొని కూచున్న. దవఖాన నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసి, "చిన్నమ్మా, అమ్మ పోయింది" అన్నది. వేళ్లకంటిన గమ్ కడుక్కోను గూడ తోచలే. పెద్ద యారాలంటే నా పెనిమిటి అన్న భార్య. అక్కా అని పిలిచేదాన్ని. సూరత్‌ల, మనోళ్ల బస్తీ ఈ భేస్తాన్‌ల, ఒక్క వరండా మీద మా రెండిండ్ల తలుపులు ఎదురెదురు. మొగోళ్లు మగ్గాల కార్ఖానకు పోతే పొద్దంత మేమిద్దరమే. కొట్లాడుడు మేమే, కలుసుడు మేమే. యారాండ్లు కొట్లాడకుంటే పొద్దెట్ల పోతది చెప్పుండ్రి!

మా కొట్లాట ఎక్కువ సీసాల మీదనే. గల్లీ చివర చెట్లమ్మే గుజరాతీ కాక దుకాణం బంద్ చేసి పోతూ పోతూ, అమ్ముడుపోని నీళ్ల మందు సీసాలన్ని ఆమెకిచ్చి పోయిండు. చెట్లకు బలానికి పోసే మందు. అక్క ఒక్కో సీసాను చీర పేలికల చుట్టి మంచం కింద వరసగ పెట్టింది. ఎండ తగలొద్దట. ఏండ్లు గడిచినయ్, కాక ముసలోడై ఉంటడు, సీసాలు మాత్రం మంచం కిందనే ఉన్నయ్. నేను ఇల్లు ఊడ్వబోతే, "మెల్లగ, మెల్లగ" అని నా వెనకాలనే తిరిగేది. పసిపిల్లలు పండుకున్నరా ఏందక్కా అంటే కోపం.

అసలు మన తెలుగుల మందు అనే మాట ఒక్కటి చాలదా లొల్లికి! జరమొస్తే మందే, పురుగుకు కొట్టేది మందే, చెట్టుకు పోసేది మందే, మొగోళ్లు తాగేదీ మందే. ఒకనాడు అక్క వరండాల నిలబడి, కింద స్కూటర్ ఆపుతున్న తన పెనిమిటిని, మా బావను చూసి, "ఏమయ్యా, నా మందు సీస ఒకటి కనబడ్తలేదు, నువ్వేనా తీసింది?" అని ఒర్లింది. కింద ఇంట్ల కొత్తగ కిరాయికి దిగిన విజయవాడ దిక్కు పిల్ల, డాక్టర్ చదువుతది, ఉరుక్కుంట మెట్లెక్కి వచ్చింది. "ఆంటీ, కాస్త మెల్లగా! ఇది గుజరాత్, ఇక్కడ మద్యనిషేధం, ఎవరైనా వింటే పోలీసులొస్తారు" అన్నది. నవ్వి నవ్వి నాకు కడుపు నొచ్చింది. అక్క నవ్వలే. ఒక సీస తెచ్చి మూత తీసి ఆ పిల్ల ముక్కుకాడ పెట్టి, "తాగుతవా బిడ్డా?" అన్నది.

పాతదైంది పారేద్దామంటే వినకపోయేది. "మందుకు ముసలితనమొస్తది గని, మురిగితేనే సావు" అనేది. ఉప్పు తీరు మందు అడుగున గడ్డకడితే, గోరువెచ్చని నీళ్లల్ల సీసాను నిలబెట్టి, ఊపి ఊపి కరిగించేది. చేపలతోటో సముద్రపు నాచుతోటో చేసిన మందయితే ముక్కుతోటే తీర్పు. చేప వాసనొస్తే ఉంచేది. కుళ్లిన గుడ్డు వాసనొచ్చినా, పైన బూజు కట్టినా, సీస కడుపుబ్బినా ఇగ దాన్ని చెట్టు దగ్గరికి రానియ్యకపోయేది. పేరు కాయితం ఊడిన సీస జోలికే పోకపోయేది. అది బలం మందో పురుగుల మందో ఎవలకెరుక? "పేరు లేని సీసాను, ఊరు లేని మనిషిని నమ్మద్దే పిల్లా" అన్నది ఓసారి. "మరి మనమేంది, ఈ ఊరోళ్లమా?" అన్న నేను. "మనకు పేరన్న ఉన్నది గద" అన్నది.

గింత ఆరాటం దేనికంటే, గునుగు పూల కోసం. ఇక్కడి బజార్ల బంతిపూలు కుప్పలు, గునుగు అడిగితే మన మొఖమే చూస్తరు. గునుగు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ! తల్లిగారింటికి పోయినప్పుడు గింజలు కొంగుకు ముడేసుకొని వచ్చి, వరండాల కుండీలల్ల చల్లింది. ఊర్ల చేన్ల కలుపని పీకి పారేసే గునుగును ఈమె సూరత్‌ల మందు పోసి సాదింది. బతుకమ్మకు గల్లీల మనోళ్లందరి పూలు మా వరండాలవే.

ఈ ఏడు మొదటి వానకు ఉన్న గింజలన్ని చల్లింది. ఆ ఎనుకనే మంచాన పడ్డది. దవఖానల కూడ నన్ను చూడంగనే, "పిల్లా, గునుగు ఆకు పసుపు తీరు పచ్చబడ్తదేమో. మందు పొయ్యి" అన్నది. "ఏ సీస అక్కా?" అని అడిగిన. ఇంతల నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. మళ్ల మాట్లాడే దశ రాలే.

దినాలయినంక చూస్తే మొక్కలు నిజంగనే పచ్చబడి ఒంగిపోయినయ్. మంచం కింద నుంచి సీసాలు గుంజిన. ఒకటి కడుపుబ్బింది, ఒకదానికి పేరు లేదు. మూత సీలు తీయనిది ఒక్కటే మిగిలింది, అడుగున ఉప్పు గడ్డ. "పారెయ్, కొత్తది తెస్త" అన్నడు బావ. కొత్తదయితే నాకూ నిమ్మలమే. గని ఆమె పొయ్యిమన్నది తన మందు గద! తేడా కొడితే మొక్కలు మాడుతయి, ఇంట్ల ఇంకో గింజ లేదు, ఆమె తెచ్చిన విత్తనమే లేకుండ పోతది. ఎన్నడు భయపడని దాన్ని, ఆ సీస ముంగట భయపడ్డ.

ఆమె చేసినట్టే చేసిన. వెచ్చని నీళ్లల్ల కరిగించి, వాసన చూసి, సగానికి సగం పల్చగ చేసి, అన్నిటికంటె ఈసురోమంటున్న ఒక్క మొక్కకు పోసిన. ఇగ పొద్దున లేస్తే దాని ముంగటనే కూచునుడు. "ఏమే, ఎట్లున్నది" అని దానితోటి మాట్లాడుడు. ఆకు అంచు మాడలే. కొసకు లేతాకు వచ్చింది, పచ్చగ కాదు, మంచి ఆకుపచ్చగ. అక్కడనే కూలబడి ఏడ్చిన. ఆమె పోయిననాడు గూడ గట్ల ఏడ్వలే. కండ్లు తుడుచుకొని మిగిలిన వాటికి పోసిన.

సావైన ఇల్లు, ఈ ఏడు మేం బతుకమ్మ ఆడొద్దు. మా పూలు ఎవలు ముడుతరులే అనుకున్న. బతుకమ్మ నాడు పొద్దుగాలనే గల్లీ ఆడోళ్లంత సంచులు పట్టుకొని వచ్చిండ్రు. "పూలకు మైలేంది వదినా" అన్నది ఒకామె చెప్పులు ఇడుసుకుంట. అందరికి తెంపిచ్చిన. ఒక్క మొక్క మాత్రం ముట్టనియ్యలే, అది విత్తనానికి.

నిన్న దాని కంకి ఎండింది. అరచేతిల దులిపితే నల్లటి సన్న గింజలు జలజల రాలబట్టినయ్, నా చెయ్యి సాలలే. "అక్కా, జర కొంగు పట్టవా, కింద పోతున్నయ్!" అని ఒర్లిన.

ఎదురు తలుపు తెరుచుకున్నది. బావ. వచ్చి కుండీ ముంగట కూచొని రెండు చేతులు దోసిలి పట్టిండు.